విత్తనానికి ఉంచిన పేనుబంక

కాశీకి పోయినవాళ్ళు తమకిష్టమైనది ఒకటి గంగలో వదిలి రావాలని పెద్దలు నియమం పెట్టారు. పెద్దలు పెట్టారు గనుక చిన్నవాళ్ళు దానికి దొడ్డిదారులు వెతుక్కున్నారు. పుట్టి బుద్ధెరిగినాక నోట పెట్టని సొరకాయను, చూస్తేనే కడుపులో తిప్పే కాకరకాయను, ప్రాణం పెట్టుకొన్న వస్తువైనట్టు మొహం దిగులుగా పెట్టి వదిలేసి, పుణ్యం మూట కట్టుకొని రైలెక్కే మహానుభావులు కోకొల్లలు.

మన యతిరాజులు నాయుడుగారూ ఆ బాపతే. హార్బరులో చిన్న గుమాస్తాగా చేరి హెడ్డు గుమాస్తాగా దిగి, పింఛను పుచ్చుకొన్న ఏడాది భార్య తాయారమ్మను వెంటబెట్టుకొని కాశీకి పోయారు. మద్రాసులో రైలెక్కేటప్పుడే కాకరకాయ అని నిశ్చయం చేసుకొన్నారు. తీరా మొలలోతు నీళ్ళలో నిలబడి దోసిలి పట్టాక, తెలుగొచ్చిన పురోహితుడు "ఏమి వదులుతున్నారు నాయనా?" అని అడిగాడు. నాయుడుగారు నోరు తెరిచేలోగా పక్కనుంచి తాయారమ్మ, "ముక్కుపొడుం అని చెప్పించండి సామీ" అంది.

నాయుడుగారి గుండె జారి గంగలో పడింది. మీసం మొలిచిన నాటినుంచి ఆయనకు పొడుమే లోకం. ఎండిన అరటిపట్టలో పొట్లం కట్టిన పొడుం నడుముకు లేకపోతే ఆయన వీధి మొహం చూడరు. కానీ పురోహితుడు అప్పటికే మంత్రం ఎత్తుకొన్నాడు, వెనకనుంచి జనం తోస్తున్నారు. మొలలోతు గంగలో నిలబడి పెళ్ళాంతో తగువు పెట్టుకొని గెలిచిన మొగాడు ఇంతవరకు లేడు. ఏమీ చేయలేక, కసికొద్దీ, "అయితే నువ్వు నన్ను తిట్టేది వదులు" అన్నారు.

ఆమె కాసేపు ఆలోచించింది. ఆ కాసేపూ నాయుడుగారు చాలా సంతోషించారు, ఎందుకంటే ఆమె వదలదని ఆయనకు గట్టి నమ్మకం. తాయారమ్మ దోసిట్లో నీళ్ళు పట్టి, "మా ఆయన్ని తిట్టేది వదిలినాను తల్లీ" అని మునిగి లేచింది. అలా ఇద్దరూ వదలకూడనివి వదిలేసి మైలాపూరు చేరుకొన్నారు.

వాళ్ళుండే ఇంటికి వెనకపక్క ఒక అద్దాల వరండా ఉంది. వెనకటికి అందులో కాపురమున్న తెల్లదొర తన ఊరి మొక్కల మీద బెంగతో కట్టించుకొన్నాడట. మద్రాసు ఎండకు అద్దాల గది కట్టుకోవడమంటే నెత్తిన కుంపటి పెట్టుకోవడమే. దొర తన దేశం పోయాక అందులో తాయారమ్మ అప్పడాలు ఎండబెట్టేది. కాశీ నుంచి వచ్చాక ఆమెకు పొద్దు పోవడం కష్టమైంది. పొద్దున లేచింది మొదలు పడుకొనేదాకా మొగుణ్ణి సవరించడంలో గడిచిపోయే కాలమంతా ఒక్కసారిగా చేతికి వచ్చి పడింది మరి. ఆమె అద్దాల మీద వెదురు తడకలు కప్పించి, గచ్చు మీద నీళ్ళు చల్లించి, లోపలంతా కుండీలు పేర్చింది. ఫెర్న్‌లు, బిగోనియాలు, అన్నిటికీ నడుమ చామంతులు. తిట్లకు పోయే ఓపికంతా మొక్కలకు పోయింది. అవి కూడా కృతజ్ఞతగా ఏపుగా పెరిగాయి.

ఊళ్ళో ఏటేటా జరిగే పూల ప్రదర్శనలో ఈసారి ఇంటిలోపల పెంచిన మొక్కలకు వేరే వరస పెడుతున్నారని ఎవరో చెప్పారు. తాయారమ్మ తన పెద్ద చామంతి కుండీని పెడతానని పేరిచ్చింది. ఆమె పేరు అప్పటిదాకా అచ్చులో కనబడింది పెళ్ళిపత్రికలో ఒకసారి, రేషను కార్డులో ఇంకొకసారి. రెండు చోట్లా ముందో వెనకో ఒక మగవాడి పేరు ఆనుకొని ఉంది. ప్రదర్శనలో కుండీ ముందు నిలబెట్టే అట్టముక్క మీద మాత్రం "శ్రీమతి తాయారమ్మ, మైలాపూరు" అని ఉంటుంది, అంతే. ఆ మాట తెలిసిన రోజు ఆమె రెండుసార్లు కాఫీ పెట్టింది. రెండోది ఎందుకో నాయుడుగారికి అర్థం కాలేదు గానీ తాగేశారు.

సరిగ్గా అప్పుడే చామంతికి తెగులు తగిలింది.

"ఏమండీ, ఈడ చూడండి. మొగ్గల కింద ఏందో నల్లగా అతుక్కోని ఉండాది. ఆకులంతా జిగట" అంది తాయారమ్మ. మొక్కలు అమ్మే గోపాలస్వామిని పిలిపించారు. మాడవీధిలో తోపుడుబండి పెట్టుకొనే మనిషి, మొక్కలతో పాటు సలహాలూ అమ్ముతాడు. అతను ఆకు తిప్పి చూసి పెదవి విరిచాడు.

"పేనుబంక తల్లీ ఇది. లేత చిగురు కంటబడితే చాలు, రసం పీల్చేస్తాది. అది కార్చే తీపినీళ్ళ కోసరం చీమలు కావలి కాస్తా ఉంటాయి. దీనికి మగతోడు గూడా అక్కర్లేదు, ఆడదే పిల్లల్ని పెట్టుకుంటా పోతాది. బయట తోటలో అయితే వాన కొట్టి కొంత, పురుగులు తిని కొంత పోతాది. మీది మూసిన గది, అడిగేవాడు లేడు. పొగాకు నానేసిన నీళ్ళలో రవ్వంత సబ్బు కలిపి, దోమలమందు పంపుతో ఆకుల అడుగున తడిసేటట్టు కొట్టండి."

పొగాకు అన్న మాట చెవిన పడగానే నాయుడుగారు కుర్చీలోంచి లేచారు. "ఆకు పొగాకులో ఏముంటుంది గోపాలస్వామీ? ఉత్త పీచు! సారమంతా పొడుంలోనే కదా ఉండేది" అన్నారు. గోపాలస్వామి భర్త మొహం చూశాడు, భార్య మొహం చూశాడు, బేరం పోగొట్టుకొనే మనిషి కాడు గనుక, "అదీ నిజమే సామీ" అన్నాడు.

తాయారమ్మ చామంతిని చూసింది, మొగుణ్ణి చూసింది. చివరకు, "చేత్తో ముట్టుకోండి. ముక్కు కాడికి మటుకు పోకూడదు. ఆడ గంగమ్మ చూస్తా ఉండాది" అంది. దొంగ చేతికి తాళాలిచ్చి, దేవుణ్ణి కాపలా పెట్టినట్టయింది.

ఆ రోజు నాయుడుగారు అద్దాల వరండా తలుపులు బిగించుకొని పొడుం నీళ్ళు కలిపిన తీరు చూసి ఉంటే పెద్ద పెద్ద వైద్యులు చేతులు కట్టుకొని నిలబడేవారు. పొట్లం విప్పడానికే కొంతసేపు పట్టింది. విప్పాక కొంతసేపు కళ్ళు మూసుకొన్నారు. పొడుమును నీళ్ళలో ఊరికే పోయకుండా ఎత్తునుంచి జల్లారు. అది గాలిలో లేచింది. గది మూసి ఉంది, గాలికి పోయే దారి లేదు, నాయుడుగారి ముక్కు అక్కడే ఉంది. చేతివేళ్ళు ఒక్కసారి కూడా ముక్కు దగ్గరికి పోలేదని ఆయన ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేయగలరు. ఊపిరి పీల్చడం వదులుతానని ఆయన గంగలో మునగలేదు కదా!

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరిగేసరికి మొగ్గలు తేటబడ్డాయి. తాయారమ్మ ఆకులు తుడుస్తూ, "మీ చేతిలో ఏదో మహిమ ఉండాదండి" అంది. పెళ్ళైన నాటినుంచి ఆమె నోట ఆయన వినని మాట అది. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యేలోపలే, "ఇంక మిగిలిన పొడుం కాలవలో పోసేయండి" అంది.

"పురుగు మళ్ళీ వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం లెండి."

వచ్చినప్పుడు చూద్దాం సరే, రావాలి కదా! ఆ సాయంత్రం నాయుడుగారు దిగాలుగా ఆకులు తిప్పి చూశారు. ఎక్కడా లేదు. ఒక మూల, ఫెర్న్ గుబురు వెనక, విరిగిన మట్టికుండలో ఎప్పుడో గుచ్చిన చామంతి రెమ్మ ఒకటుంది. దాని చిగురు మీద నల్లగా చిన్న గుంపు మిగిలి ఉంది. పంపు ఎత్తారు. దించారు. రైతన్నవాడు పండిన గింజంతా తినేయడు, విత్తనానికి ఇంత అట్టిపెడతాడు. తమ తాత తిరువళ్ళూరు పక్కన సేద్యం చేసిన సంగతి ఆయనకు సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడినుంచి కంచే చేను మేయడం మొదలుపెట్టింది. నాయుడుగారు ఆ విరిగిన కుండకు రోజూ నీళ్ళు పోశారు. ఎండ పడకుండా తడక జరిపారు. చీమలు వస్తే దారి విడిచారు. పేనుబంక ఆ ఆదరణకు ఏమాత్రం లోటు చేయకుండా పిల్లాపాపలతో వర్ధిల్లింది. వీలు చూసుకొని ఆయన ఒక పుల్లతో నాలుగింటిని ఎత్తి పెద్ద చామంతి మీద దించేవారు. మర్నాడో ఆ మర్నాడో తాయారమ్మ, "అయ్యయ్యో, మళ్ళీ వచ్చేసినాయండీ!" అనేది. "వస్తే రానీవే, నేను లేనా?" అంటూ నాయుడుగారు కొత్త పొట్లం విప్పేవారు. తలుపులు మూసుకొనేవి. లోపలినుంచి పెద్దపెద్ద ఊపిరులు వినబడేవి. అంత శ్రమపడుతున్నారే అని బయట తాయారమ్మ నొచ్చుకొనేది. ఇరుగుపొరుగుతో, "మా ఆయన లేకుంటే నా చామంతి ఎప్పుడో పోయుండును" అని చెప్పుకొనేది. ఆ మాట నాయుడుగారి చెవిన కూడా పడేది. మొదట్లో కొంచెం గుచ్చుకొనేది. తర్వాత, నిజమే కదా అనిపించసాగింది. మనిషి తన అబద్ధాన్ని తాను నమ్మడానికి పెద్ద కాలం పట్టదు.

ప్రదర్శన దగ్గరపడింది. కాంచీపురంలో తాయారమ్మ తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చిపడింది. సాయంత్రం బయలుదేరాలి. మధ్యాహ్నం ఒక మోతాదు పొడుం దక్కించుకొని పోదామని, నాయుడుగారు పొద్దున్నే పెద్ద చామంతి మీద ఈసారి కాస్త ధారాళంగానే పేనుబంక దించారు. అన్నానికి కూర్చొన్నారో లేదో, బావమరిది కారు వేసుకొని వచ్చి వాకిట్లో హారను కొట్టాడు. చెయ్యి కడుక్కోనివ్వడమే గొప్ప అన్నట్టు ఇద్దర్నీ ఎక్కించుకుపోయాడు. పనిచేసే చెంగమ్మకు తాయారమ్మ కారులోంచే, "కుండీలకు నీళ్ళు పొయ్యి! పోసినాక తలుపులు బిగించు, పురుగొస్తాది!" అని అరిచింది.

పెళ్ళిలో అందరూ విందు తిన్నారు. నాయుడుగారు మాత్రం ఆకు ముందు కూర్చొని, మైలాపూరులో ఇంకొకళ్ళు తింటున్న విందును తలచుకొన్నారు.

వారానికి తిరిగొచ్చి తలుపు తెరిస్తే గది వెచ్చగా, తియ్యగా కంపు కొట్టింది. చెంగమ్మ మాట తప్పలేదు, నీళ్ళు పోసి తలుపులు బిగించే ఉంచింది. పెద్ద చామంతి మొగ్గలు నల్లగా మూసుకుపోయి ఉన్నాయి. చిగుళ్ళు ముడుచుకొన్నాయి. కాడలమీద చీమలు తిరునాళ్ళకు పోతున్నట్టు పైకీ కిందికీ తిరుగుతున్నాయి. తాయారమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. వెనక్కి తిరిగి, "పావం, మీరు మటుకు ఎంత కష్టపడినారో" అంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ "పావం" అన్న మాట నాయుడుగారికి ముల్లులా దిగింది. తిట్టి ఉంటే తుడుచుకొని పోయేవారు. ఆయన కుంకుడుకాయలు కొట్టి నానబెట్టారు. పొడుం ఇంకా ఘాటుగా కొడితే ఉన్న మొగ్గలు మాడతాయని తెలుసు. రసం తీసి, మెత్తటి గుడ్డ ముంచి, ఒక్కొక్క ఆకు అడుగున వేలితో తుడవడం మొదలుపెట్టారు. సాయం చేద్దామని తాయారమ్మ కుండీలు జరపసాగింది. ఫెర్న్ గుబురు కూడా జరిపింది.

"ఇదేందండీ?" అందామె. విరిగిన కుండ. రెమ్మ కనబడటంలేదు, అంతా పేనుబంకే. పక్కన చిన్న చెంబు, కాడకు ఆనించిన పుల్ల, పైన నీడకు కట్టిన గుడ్డపేలిక. "దీన్ని ఎవరో అన్నం పెట్టి పెంచినట్టు ఉండారే!"

ఎక్కడినుంచో ఎగిరొచ్చి ఉంటాయిలే అన్న మాట నాయుడుగారి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక అక్కడే ఆగిపోయింది. "నేనే పెంచినాను తాయారూ. విత్తనానికి" అన్నారు. తర్వాత అంతా చెప్పేశారు, పుల్ల సంగతితో సహా.

తాయారమ్మ మొహం ఎర్రబడింది. నోరు తెరిచింది. నాయుడుగారు కళ్ళు గట్టిగా మూసుకొని నిలబడ్డారు. ఎంతకీ ఏమీ వచ్చి పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె నోరు మూసుకొని వంటింట్లోకి పోతోంది. కాసేపటికి అక్కడ గిన్నెలు మోగాయి. కాశీలో తిట్లు వదిలింది గానీ గిన్నెలు వదల్లేదు.

"తిట్టేయవే. భారం దిగిపోతుంది" అని ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి బతిమాలారు.

"వదిలినాను కదండి."

"గంగమ్మకు నేను చెప్పుకొంటాను."

"మీరు చెప్పుకొనే అందం చూసినాము లెండి" అని, అది తిట్టు కింద వస్తుందేమోనని నాలుక కరుచుకొంది. ఆ పైన ఇంట్లో అంతా మర్యాదే. వడ్డించాక మారు అడిగింది. పంచె ఉతికి మడతపెట్టింది. నాయుడుగారికి ఆ మర్యాద తేలుకాటులా ఉంది. మిగిలిన పొడుం ఆయనే కాలవలో పోశారు. ఆమె చూసి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

కుంకుడు రసానికి పేనుబంక పోయింది, దాంతోపాటు మాడిన మొగ్గలూ రాలిపోయాయి. ప్రదర్శన నాటికి పెద్ద చామంతికి విచ్చుకొన్న పువ్వు ఒకటే దక్కింది. "పోకుండా ఉందామా?" అని నాయుడుగారు భయంభయంగా అడిగారు. "పేరు రాసేసినారు. పోకుంటే ఆడ ఉత్త నేలమీద నా పేరు ఒకటే నిలబడి ఉంటాది" అంది తాయారమ్మ. రిక్షాలో కుండీ ఆమె ఒళ్ళో, నాయుడుగారు ఒక మూల కూర్చొని పోయారు.

పందిట్లో బంగళాల ఆడవాళ్ళు, పట్టుచీరలు, ఒక్కొక్క కుండీకి గంపెడు పువ్వులు. వాటి నడుమ ఒంటిపువ్వు చామంతి, దాని ముందు తాయారమ్మ పేరు. ఆమె ఆ అట్టముక్కను ఒకసారి చీరకొంగుతో తుడిచి సరిగా నిలబెట్టింది. న్యాయనిర్ణేత వెంకటపతిగారు వచ్చారు. ప్రభుత్వ తోటల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన నెల్లూరు మనిషి. చేతిలో భూతద్దం, మాటలో విసురు. పువ్వు చూసి తలూపారు. ఆకు తిప్పి, భూతద్దం పెట్టి, తల అడ్డంగా ఊపారు. ఎక్కడో ఒక్క పేనుబంక ప్రాణాలు దక్కించుకొని ఉంది.

"చూశారా అందరూ!" అని ఆయన గొంతు పెంచారు. "ఇంటిలోపల మొక్క పెంచాలంటే మొదట ఆకు తిప్పి చూడటం తెలియాలి. ఈ పురుగు మీదగ్గర చాలా కాలంగా కాపురముందమ్మా. ఇంత అశ్రద్ధగల ఆడవాళ్ళు ప్రదర్శనకు ఎందుకు వస్తారో తెలియదు."

పక్క కుండీల వాళ్ళు మెడలు చాచారు. తాయారమ్మ తల దించుకొంది. నాయుడుగారికి ఇక చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. ముందుకొచ్చి, "అయ్యా, ఆమెను అనొద్దండి. ఆ పురుగును పెంచింది నేను. పొడుం వాసన కోసం కావాలనే పెంచినాను" అన్నారు. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటపతిగారు భూతద్దం ఎత్తి ఈసారి నాయుడుగారిని చూశారు. "పురుగును పెంచుకొనే మనిషిని నేనిదే చూడటం. మీలాంటి బుద్ధిహీనుణ్ణి కూడా అద్దాలగదిలో పెట్టి చూపించాలి" అన్నారు. పందిరంతా నవ్వింది.

తాయారమ్మ తలెత్తింది.

"ఆయన్ని అనేదానికి మీరెవరండీ?" అంది. వెంకటపతిగారి చెయ్యి గాలిలోనే ఆగింది. "ఎవరని అడగతా ఉండాను! బుద్ధుండాల మనిషికి! వయసొచ్చినాక సిగ్గయినా ఉండాల! నమ్మి మొక్కను చేతికిస్తే వెనకాల పురుగును పెంచుతారా? దానికి కుండా, నీళ్ళా, నీడా!"

"అమ్మా, నేను..." అన్నారు వెంకటపతిగారు.

"మాట్లాడొద్దు! తలుపేసుకోని లోపల ఊపిరి పీల్చేది, బయటికొచ్చి కష్టపడినట్టు నుదురు తుడుచుకొనేది! పెండ్లాం గమ్మున ఉండాది కదా అని ఎన్ని నాటకాలు! చిటికెడు పొడుముకా నా మొగ్గలన్నీ తినిపించేది?"

"నేను పొడుం పీల్చనే పీల్చనమ్మా!"

"పీల్చకుండానేనా ఆ ముక్కు అట్లుండాది? ఊరంతా తిరిగి మా ఆయన దేవుడని చెప్పుకొంటినే, అప్పుడన్నా నోట్లోంచి నిజం వచ్చిందా?" అని గసపోసుకొని, ఆమె గొంతు తగ్గించింది. "ఈ జన్మలో ఒకేఒక్క చోట నా పేరు చూసుకొందామని ఆశపడితినే. ఒక్క చోట. అదిగూడా దక్కనీకుండా చేస్తిరే."

పందిట్లో ఎవరూ నవ్వడంలేదు. ఆమె చూపు ఆ సేపంతా వెంకటపతిగారి మీదనే ఉంది, పొరపాటున కూడా పక్కకు తిరగలేదు. ఆ పక్కన నాయుడుగారు చేతులు కట్టుకొని తల వంచుకొని నిలబడి ఉన్నారు. ఒక్కొక్క మాటా వెంకటపతిగారిని దాటుకొని వచ్చి తనకే తగులుతోంది. కాశీ నుంచి వచ్చాక ఇన్నాళ్ళకు తన మొహాన తనకు తగిన మాటలు పడ్డాయి. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆపమని అడగాలని మాత్రం ఆయనకు అనిపించలేదు.

తాయారమ్మ కొంగుతో మొహం తుడుచుకొంది. మొగుడి వైపు తిరిగి, ఎప్పటిలాగే మెత్తగా, "పొద్దుపోయిందండి, పదండి పోదాము" అంది. అట్టముక్కను తీసి చంకలో పెట్టుకొని ముందు నడిచింది.

నాయుడుగారు కుండీని భుజానికెత్తుకొన్నారు. రెండడుగులు వేసి ఆగి, ఇంకా భూతద్దం పట్టుకొని అలాగే నిలబడిపోయిన వెంకటపతిగారి దగ్గరికి వెనక్కి వచ్చారు.

"అయ్యా, తమరేమీ మనసులో పెట్టుకోవద్దండి" అన్నారు. "అవన్నీ నావి."